పద్నాలుగు సంపుటాల జాకెట్టు

చీరాల నుంచి ఒంగోలు పోయే దారిలో, జీడిమామిడి తోటలు మొదలయ్యే చోట సర్వతోముఖ ఇంజనీరింగ్ కళాశాల అని ఒకటుంది. ఆ కాలేజీకి గేటు కన్నా నియమావళి పెద్దది. నూట నలభై పేజీల ఆ పుస్తకంలో విద్యార్థి ఏయే సందర్భాల్లో నవ్వవచ్చో కూడా రాశారని అంటారు గాని, చివరిదాకా చదివినవాళ్ళు దొరకలేదు గనక నిర్ధారణగా చెప్పలేం.

హైమ అక్కడ ఎం.టెక్. రెండో ఏడు చదువుతోంది. వాళ్ళమ్మ నాంచారమ్మకి చీరాల పాత బజారులో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కొట్టుంది. ఇరవై రెండేళ్ళ నుంచి ఆవిడ కత్తెర పెట్టిన గుడ్డ పాడైందన్న మాట లేదు. అందుచేత హైమకి టేపు పట్టుకోవడం ముందొచ్చింది, అక్షరాలు తరవాతొచ్చాయి.

థీసిస్‌కి ఏం చెయ్యాలా అని వెతుకుతున్నప్పుడు ఆ అమ్మాయికి ‘చాక్‌లైన్’ అనే సాఫ్ట్‌వేరు కంటబడింది. కొలతలు ఇస్తే జాకెట్టుకి పేపరు కటింగు అదే గీసి పెడుతుంది. దాన్ని దేశదేశాల వాళ్ళు తీరిక వేళల్లో కూర్చుని తయారుచేశారు. ఓపెన్ సోర్సు, అంటే లోపలి రాతంతా తెరిచే ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు, చేతనైతే బాగుచెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అడగరు. దాన్ని నేర్పే పాఠాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇటు వేటపాలెం కుట్టు కేంద్రంలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, వాటి మీద గుడ్డ కప్పి, వాటికి వారానికోసారి దుమ్ము దులుపుతున్న ఆడవాళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళ కోసం తెలుగులో వీడియో పాఠాలు చేస్తానని, అదే తన థీసిస్ అని హైమ దరఖాస్తు పెట్టింది.

ప్రాజెక్టుల పరిశీలక సంఘానికి డీన్ వరాహమూర్తి గారు అధ్యక్షులు. ఆయన ఏ మాటన్నా అది గుమాస్తా రాసుకోవడానికి వీలుగా అంటారు.

“పరిష్కరించదలచిన సమస్య ఏమిటి?” అన్నారు.

“తెలుగులో నేర్పేవాళ్ళు లేరండి.”

“అది సమస్య కాదు, పరిస్థితి. సమస్య అన్నాక అందులో గణితం ఉండాలి. సరే, సదరు సాఫ్ట్‌వేరుకి యజమాని ఎవరు?”

“యజమాని అంటూ ఎవరూ లేరండి. అందరిదీనండి.”

“అందరిదీ అంటే, నాది కూడానా?”

“మీది కూడానండి.”

డీన్ గారు కుర్చీలో కాస్త వెనక్కి వాలారు. ఆస్తి కలిసొచ్చినవాడి కళ ఒకటి ఆయన మొహంలో కనపడింది. “మరి నా అనుమతి తీసుకోకుండా ఎలా మొదలుపెట్టావు?” అన్నారు.

హైమ పక్కన కూర్చున్న గైడు ఫణిభూషణ్ వైపు చూసింది. ఫణిభూషణ్ మంచివాడే. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది గనక ఆయన కిటికీ వైపు చూశాడు.

చివరికి డీన్ గారు తన వాటా వరకు తాను అనుమతి ఇస్తున్నట్టు మినిట్సులో రాయించి, మిగిలిన యజమానుల దగ్గర నుంచి గుండ్రటి సీలు వేసిన నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. హైమ ఆ సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళకి మెయిలు రాసింది. అనుమతి ఎవరికీ అక్కర్లేదు, సంతోషంగా చేసుకొమ్మని ఒకాయన జవాబిచ్చాడు. సీలు కావాలండీ అని మళ్ళీ రాసింది. సీలంటే ఏమిటని వాళ్ళు అడిగారు. ఈ అమ్మాయి వివరించింది. నాలుగు దేశాల్లో ఉన్న తొమ్మిది మంది ఆ వివరణ చదివి, రెండు రోజులు చర్చించుకుని, చొక్కా గుండీ బొమ్మతో ఒక గుండ్రటి సీలు తయారుచేసి పంపారు. నాలుగు కన్నాలు కూడా ఉన్నాయి దానికి. పరిశీలక సంఘం దాన్ని వెలుగుకెత్తి చూసి, క్రమబద్ధంగా ఉన్నదని తీర్మానించింది.

అక్కడి నుంచి అయిదు నెలలు హైమ కొట్టులోనే గడిపింది. తెర మీద గీతలు తనవి, బల్ల మీద చేతులు వాళ్ళమ్మవి. మొదట్లో నాంచారమ్మ ఒప్పుకోలా.

“నేను కంటితో చూసి గీసేదానికి కంప్యూటరెందుకే?” అంది.

“నీ కన్ను అందరికీ ఉండొద్దా అమ్మా?”

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది. తరవాత గాజులు తీసి పక్కన పెట్టి, “చప్పుడొస్తయ్యేమో. పట్టుకో నీ కెమెరా,” అంది.

ఒక్కోటి ఆరు నిమిషాల చొప్పున పద్నాలుగు పాఠాలయ్యాయి. ఏది పూర్తయితే అది నెట్‌లో పెడుతూ వచ్చింది. వేటపాలెం కుట్టు కేంద్రంలో భూలక్ష్మి అని నలభై ఏళ్ళావిడ, వాటిని చూసి కంప్యూటరు మీద గుడ్డ తీసింది. మూడో పాఠానికల్లా మెడ గీసింది. ఏడో పాఠానికి జాకెట్టు ఒంటికి అమరేలా పట్టే మడతలు, అదే డాట్లు, పెట్టింది. ఊళ్ళో నర్సింగు హోముకి నలభై జతల యూనిఫారాలు కుట్టే పని ఆరుగురూ కలిసి ధైర్యంగా ఒప్పుకున్నారు. చేతుల పాఠం తొమ్మిదోది. అది వచ్చిన రోజున భూలక్ష్మి ఫోను చేసి, “బంగారు తల్లివమ్మా, చంక కాడ మలుపు ఇంకా చెయ్యి తిరగలా, పదిసార్లు చూస్తే వస్తది,” అంది. హైమకి ఆ రోజు అన్నం రుచిగా ఉంది.

ఇక సమర్పించడమే మిగిలింది. పరీక్షల విభాగం సూపరింటెండెంటు పిచ్చేశ్వరరావు గారు పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

“దీని వెన్నేదమ్మా?”

“వెన్నాండీ?”

“పుస్తకం వెన్ను. ముప్ఫై ఒకటో నియమం ప్రకారం నల్ల రెక్సిను అట్ట, వెన్ను మీద బంగారు అక్షరాలతో అభ్యర్థి పేరు, సంవత్సరం. ఇంత దాని మీద నీ పేరులో ‘హై’ పడితే గొప్ప. ‘మ’ ఎక్కడ వేస్తావు?”

పిచ్చేశ్వరరావు గారికి హైమ మీద కోపమేమీ లేదు. ఆ సీట్లో ఆయన పందొమ్మిదేళ్ళుగా కూర్చున్నారు. వెన్ను లేనిది ఏదీ ఆయన బీరువాలోకి పోలేదు. విషయం పరిశీలక సంఘానికి వెళ్ళింది. సంఘం రెండు గంటలు కూర్చుని, వీడియో కూడా సిద్ధాంత గ్రంథమేననీ, గ్రంథం అన్నాక కాగితం మీద ఉండాలనీ, కాబట్టి సదరు వీడియోను ముద్రించి బైండు చేయించి సమర్పించవలసినదనీ తేల్చింది. వీడియో అంటే సెకనుకి ఇరవై అయిదు బొమ్మలని ఎవరో చెప్పారు. లెక్క కడితే లక్షా ఇరవై ఆరువేల పేజీలయ్యాయి. డీన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“విద్యార్థి సంక్షేమాన్ని దృష్టిలో ఉంచుకుని సెకనుకి ఒక బొమ్మకు సడలిస్తున్నాం,” అన్నారు.

“మరి మాటలండీ?” అన్నాడు ఫణిభూషణ్. ఆ మాట ఎందుకన్నానా అని ఆయన తరవాత చాలాకాలం బాధపడ్డాడు.

“మంచి ప్రశ్న. ఏ సెకనులో పలికిన మాట ఆ సెకను బొమ్మ కింద అచ్చుకావాలి. స్వరం కూడా సమర్పణలో భాగమే.”

అలా అయిదువేల నలభై పేజీల గ్రంథం తయారైంది. మొదటి పేజీలో నాంచారమ్మ కొట్టు బల్ల, దాని కింద ‘నమస్కా’ అని ఉంటుంది. రెండో పేజీలో అదే బల్ల, కింద ‘రమండీ ఈ’. మూడో పేజీలో ‘పాఠంలో మనం’. నాలుగో పేజీలో హైమ ఊపిరి తీసుకుంది గనక ఏమీ లేదు. పేజీ ఖాళీగా వదలరాదన్న నియమం ఒకటుండటం వల్ల అక్కడ ‘ఊపిరి’ అని వేశారు. పాఠానికో సంపుటం చొప్పున పద్నాలుగు సంపుటాలు, నాలుగు ప్రతులు, వెరసి యాభై ఆరు పుస్తకాలు. ట్రాలీ ఆటోలో దించుతుంటే కాలేజీలో అందరూ కొత్త లైబ్రరీ వస్తోందనుకున్నారు.

పిచ్చేశ్వరరావు గారు ఒక్కో వెన్ను మీదా వేలు పెట్టి చదువుకుని సంతృప్తి పడ్డారు. “ఇప్పుడు థీసిస్‌లా ఉంది,” అన్నారు.

కాని గ్రంథం ఎక్కడి నుంచైనా కాపీ కొట్టినదేమో చూసే యంత్రం ఉంది. అందులో పెడితే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కాపీ అని వచ్చింది. రెండు వందల పన్నెండో పేజీ రెండు వందల పదమూడో పేజీ నుంచి ఎత్తిరాసినదని, ఆ పేజీ రెండు వందల పద్నాలుగో దాని నుంచి ఎత్తిరాసినదని యంత్రం ఆధారాలతో చూపించింది. పైగా మొత్తం గ్రంథం నెట్‌లో హైమ అనే వ్యక్తి పెట్టిన వీడియోలతో అక్షరాలా సరిపోతోంది.

“ఈ హైమ ఎవరు?” అన్నారు డీన్ గారు.

“నేనేనండి.”

“ఆవిడకి అభ్యంతరం లేదని రాసి తీసుకురా.”

హైమ అక్కడే కాగితం అడిగి, నా దగ్గర నుంచి నేను తీసుకున్నందుకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదని రాసి, సంతకం పెట్టి, తనకు తానే ఇచ్చుకుని, తరవాత ఆయనకిచ్చింది. డీన్ గారు దాని మీది సంతకాన్నీ థీసిస్ మీది సంతకాన్నీ పోల్చి చూశారు.

“బాగుంది. ఇక ఇరవై మూడో నియమం. సమర్పించే గ్రంథం అప్రచురితమై ఉండాలి. నెట్‌లో ఉన్నవి ఈ రోజే తొలగించి, డిగ్రీ చేతికొచ్చేదాకా ఏ రూపంలోనూ ఎవరికీ పంపనని హామీపత్రం ఇవ్వాలి.”

అప్పటిదాకా అన్నిటికీ తలూపిన అమ్మాయి అక్కడ ఆగింది. “అవి చూసి పని నేర్చుకుంటున్నవాళ్ళున్నారండి,” అంది.

“వాళ్ళు మన విద్యార్థులా?”

“కాదండి.”

“అయితే వాళ్ళ విషయం మన పరిధిలోకి రాదు. నీ విషయం వస్తుంది. హామీ ఇవ్వకపోతే వచ్చే సంవత్సరం మళ్ళీ మొదటి నుంచి.”

హైమ ఇంటికొచ్చి వాళ్ళమ్మకి చెప్పింది. నాంచారమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మిషను తొక్కుతూనే ఉంది. సాయంత్రం హైమ పద్నాలుగు పాఠాలూ ఒకటొకటిగా నెట్‌లోంచి తీసేసింది. తొమ్మిదోది తీసేటప్పుడు మాత్రం కాసేపు వేలు ఆగింది. అప్పటికి దాని కింద భూలక్ష్మి పెట్టిన దండం బొమ్మ ఒకటుంది.

మర్నాడు పొద్దున్నే ఫోను. “అమ్మాయ్, చేతుల పాఠం కనపడటంలా. మా ఫోనే పాడైందా?”

“లేదు పిన్నీ. నేనే తీశాను.” కాలేజీ సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

“ఇరవై జతలు కత్తిరించి పెట్టామమ్మా. చేతులే మిగిలినయ్,” అంది భూలక్ష్మి. నిష్ఠూరంగా అనలేదు. అందుకే హైమకి మరీ కష్టమనిపించింది.

ఆ రాత్రి తను సంతకం పెట్టిన హామీపత్రం నకలు మళ్ళీ చదువుకుంది. వీడియో రూపంలో గాని, ముద్రణ రూపంలో గాని, విద్యుత్ తరంగాల రూపంలో గాని ఇవ్వరాదని ఉంది. నోటి మాట గురించి ఏమీ లేదు. నోటితో చదువు చెప్పే ఆచారం ఆ కాలేజీలో పోయి చాలాకాలమైంది గనక నియమం రాసినవాళ్ళకి అది తట్టలేదు. ఆదివారానికి భూలక్ష్మి, మిగతా అయిదుగురూ వేటపాలెం నుంచి ఆటోలో నాంచారమ్మ కొట్టుకొచ్చారు. నాలుగు ఆదివారాలు అలాగే వచ్చారు. యూనిఫారాలు నలభై జతలూ సకాలంలో వెళ్ళాయి. వాటిలో రెండు జతల చేతులు మాత్రం నాంచారమ్మే విప్పి మళ్ళీ కుట్టింది.

ఆఖరి మౌఖిక పరీక్షకి బయటి యూనివర్సిటీ నుంచి కాత్యాయని గారు పరీక్షాధికారిగా వచ్చారు. గదిలో పొడుగాటి బల్ల, దాని మీద పద్నాలుగు సంపుటాలు. వెనక వరసలో ఆరుగురు ఆడవాళ్ళు నోటుపుస్తకాలతో కూర్చుని ఉన్నారు. మౌఖిక పరీక్షకి ప్రజలు హాజరు కావచ్చని నియమం ఉందిగాని, ఆ కాలేజీ పుట్టాక ప్రజలు రావడం అదే మొదలు.

“వీడియో చూడొచ్చా?” అన్నారు కాత్యాయని గారు.

“వీడియో ప్రస్తుతం అప్రచురిత స్థితిలో ఉంది మేడమ్. గ్రంథ రూపంలో ప్రదర్శిస్తాం. ఏ పాఠం కావాలో సెలవివ్వండి,” అన్నారు డీన్ గారు.

ఆవిడ తొమ్మిది అన్నారు. అటెండరు యేసోబు ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. సెకనుకి పేజీ చొప్పున తిప్పడం నేర్చుకొమ్మని ఆయన్ని నెల కిందటే నియమించారు. తడి స్పాంజి గిన్నె పక్కన పెట్టుకుని, గోడ గడియారం చూసుకుని, తిప్పడం మొదలుపెట్టాడు. హైమ పక్కన నిలబడి మాటలు చదివింది. బొమ్మలు కదిలాయి. నాంచారమ్మ చేతులు కాగితం మీద టేపు పరిచాయి, సుద్దతో గీశాయి. చూడగా చూడగా నిజంగా వీడియోలాగే ఉంది. కాత్యాయని గారు నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు తియ్యలేదు.

నూట ఎనభయ్యో పేజీ దగ్గర వెనక నుంచి భూలక్ష్మి లేచింది.

“అయ్యా, ఆ చంక మలుపు కాడ కాస్త ఆపమనండి. ఒకసారి ఎనక్కి తిప్పండి.”

యేసోబు ఆపాడు. పది పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకొచ్చాడు. డీన్ గారు ప్రజలకు ప్రశ్నించే అధికారం ఏ నియమం కింద ఉందో వెతకసాగారు.

కాత్యాయని గారు రుమాలు దింపారు. “మీరు కంప్యూటర్లో ఇది గీస్తారా అమ్మా?”

“గీస్తామండి. కంప్యూటరు లేకపోతే సుద్దతో కూడా గీస్తాం.”

“ఒకసారి బోర్డు మీద గియ్యండి.”

భూలక్ష్మి కొంగు దోపుకుని బోర్డు దగ్గరికెళ్ళింది. కొలత చెప్పుకుంటూ చెయ్యి భాగం గీసింది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, చెయ్యెత్తకుండా తిప్పేసింది. కాత్యాయని గారు ఇంకేమీ అడగలేదు. డిస్టింక్షన్ రాసి, సిఫారసుల గడిలో ఒక్క వాక్యం పెట్టారు: ‘ఈ థీసిస్‌ను వెంటనే వీడియో రూపంలో ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలి.’

బయటి పరీక్షాధికారి సిఫారసును తు.చ. తప్పకుండా అమలుచెయ్యాలని నియమం. పరిశీలక సంఘం వెంటనే కూర్చుంది. థీసిస్ అంటే పద్నాలుగు సంపుటాలు. దాన్ని వీడియో రూపంలో ఉంచాలి. కనుక సదరు సంపుటాలను వీడియో తియ్యవలసినదని తీర్మానమైంది. హైమ దగ్గర అసలు వీడియోలు ఉన్నాయి కదా అని ఫణిభూషణ్ అన్నాడు. అప్పటికి ఆయన ఉద్యోగం ఖాయమైంది.

“అవి థీసిస్‌కి పూర్వం ఉన్నవి. సిఫారసు థీసిస్ గురించి,” అన్నారు డీన్ గారు.

కెమెరా పెట్టారు. యేసోబు స్పాంజి గిన్నెతో కూర్చుని అయిదువేల నలభై పేజీలు తిప్పాడు. ఒకచోట తుమ్మాడని ఆ సంపుటమంతా మళ్ళీ తిప్పించారు. సభామర్యాద కోసం ముందు డీన్ గారి సందేశం పందొమ్మిది నిమిషాలు చేర్చి, కాలేజీ పేరు మీద నెట్‌లో పెట్టారు. మధ్యమధ్య తెర కుడి పక్క నుంచి యేసోబు బొటనవేలు వచ్చి పోతుంటుంది.

డిగ్రీ చేతికొచ్చిన రోజు బస్సులో ఇంటికొస్తూ హైమ తన పాఠాలు తిరిగి నెట్‌లో పెట్టుకుంది. ఎవరి అనుమతీ అడగలేదు. ఇల్లు చేరేలోపు భూలక్ష్మి దండం బొమ్మ పెట్టింది. కాకపోతే, ఫోను చేసి ఇంకో మాట కూడా చెప్పింది.

“నీవి మాటకి బాగుంటయ్యమ్మాయ్. చూడటానికి మాత్రం ఆ కాలేజీవాళ్ళదే సులువు. ఒక్కో గీత దగ్గరా ఆగి ఆగి తిప్పుతాడాయన. మేం రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుంటున్నాం.”

హైమకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండోది ఎక్కువసేపు చెయ్యలేక మొదటిదే చేసింది.

ఆ తరవాత ఓ శనివారం యేసోబు పాత బజారుకొచ్చాడు. కొట్టు బయట చెప్పులు విడిచి, కాసేపు తటపటాయించి, న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం బల్ల మీద పెట్టాడు.

“మూడుసార్లు తిప్పానమ్మా అన్ని పుస్తకాలూ,” అన్నాడు హైమతో. “తిప్పేవాడు చదవకూడదని రూలేమీ లేదుగదా. మా ఆవిడకి కుట్టాను. ఆవిడ బాగుందంటోంది. ఆవిడ నేనేం చేసినా అలాగే అంటది. అందుకని తెచ్చాను.”

హైమ పొట్లం విప్పింది. ఆకుపచ్చ జాకెట్టు. అది అందుకుందామని తను చెయ్యి చాపేలోపే నాంచారమ్మ తీసుకుంది. తిరగేసి కుట్లు చూసింది. చంక మలుపు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపింది. కళ్ళజోడు పైకి నెట్టి, భుజాలు రెండూ కలిపి వెలుగుకెత్తి చూసింది. యేసోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మౌఖిక పరీక్ష నాడు హైమ కూడా అంత బెదురుగా నిలబడలేదు.

“ఎడం భుజం ఓ పావంగుళం లోపలికి రావాలి,” అంది నాంచారమ్మ. “చెయ్యి కుదిరిందిలే. ఆదివారం పొద్దున రా.”